శత్రువే గురువు: మావోయిస్టులు, పోలీసులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నదేమిటి?

సంక్షిప్తంగా: సాయుధ తిరుగుబాటు ఏళ్ల తరబడి సాగితే రెండు పక్షాలూ ఎదుటివాళ్ల ఎత్తుగడలను గమనిస్తాయి, కాపీ కొడతాయి, విరుగుడు కనిపెడతాయి. మావోయిస్టు ఉద్యమంలో పోలీసులు గెరిల్లాల్లా నడవడం నేర్చుకున్నారు, గెరిల్లాలు సైన్యంలా బెటాలియన్లు కట్టడం నేర్చుకున్నారు. మొదటిది ప్రభుత్వానికి కలిసొచ్చింది, రెండోది మావోయిస్టులకు భారమైంది. ప్రభుత్వం నేర్చుకున్నది శిక్షణ కేంద్రాల్లో నిలిచింది. మావోయిస్టులు నేర్చుకున్నది మనుషుల్లో ఉండిపోయి, వాళ్లు చనిపోయినప్పుడు వాళ్లతో పోయింది, లొంగిపోయినప్పుడు అవతలి పక్షానికి చేరింది.

2025 జనవరి 8న బెంగళూరులో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య హోం ఆఫీసులో ఆరుగురు మావోయిస్టులు లొంగిపోయారు. నలుగురిది కర్ణాటక, ఒకరిది తమిళనాడు, ఇంకొకరిది కేరళ. సరిగ్గా రెండు రోజుల ముందు, జనవరి 6న, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా అంబేలి దగ్గర రోడ్డు కింద మందుపాతర పేలి 8 మంది డీఆర్‌జీ (డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్, ఛత్తీస్‌గఢ్ పోలీసుల స్థానిక దళం) జవాన్లు, వాళ్ల వాహనం డ్రైవరు చనిపోయారు. ఆ 8 మందిలో ఐదుగురు ఒకప్పుడు మావోయిస్టు పార్టీలో పనిచేసి లొంగిపోయినవాళ్లే.

ఒకే వారంలో వచ్చిన ఈ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చూస్తే తికమక సహజం. బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లలో పావగడ, మధుగిరి, మడకశిర, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. 2005 ఫిబ్రవరిలో పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లిలో కర్ణాటక రిజర్వు పోలీసుల క్యాంపు మీద రాత్రిపూట జరిగిన దాడి వాళ్లలో పెద్దవయసువాళ్లకు ఇంకా గుర్తుంటుంది. చిక్కమగళూరు అడవుల్లో మావోయిస్టు నాయకుడు సాకేత్ రాజన్ ఎన్‌కౌంటర్ జరిగిన కొద్ది రోజులకే, ప్రతీకారంగా చేసిన దాడి అది. అప్పట్లో అంత దూకుడుగా ఉన్న ఉద్యమం 20 ఏళ్లకు ఆరుగురి లొంగుబాటు దగ్గర ఎలా ఆగింది? అంతగా కుంగిపోయాక కూడా ఒక్క మందుపాతరతో తొమ్మిది ప్రాణాలు ఎలా తీయగలిగింది?

బలగాల సంఖ్య, నిధులు, ఆయుధాలు, రోడ్లు అన్నీ కారణాలే. అయితే ఇవన్నీ ఉండి కూడా 2010లో ప్రభుత్వం ఘోరంగా దెబ్బతింది. కాబట్టి లెక్కలో ఇంకో అంశం చేర్చుకోవాలి. ఎవరు ఎవరి నుంచి ఏం నేర్చుకున్నారు, ఎంత వేగంగా నేర్చుకున్నారు, నేర్చుకున్నదాన్ని ఎక్కడ దాచుకున్నారు అన్నదే ఆ అంశం.

పోలీసులకు అడవి నేర్పింది దళాలే

కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో 1980 ఏప్రిల్ 22న నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్ ఏర్పడింది. ఆ దశకంలో ఉత్తర తెలంగాణలో పోలీసుల పద్ధతి ఒకటే. ఊళ్లో దళం (సాయుధ గెరిల్లాల చిన్న బృందం) ఉందని కబురు రావడం, జీపులు ఎక్కడం, ఉన్న ఒక్క రోడ్డు మీద వెళ్లడం. జీపు లైట్లు ఊరి పొలిమేరకు రాకముందే దళానికి సంగతి తెలిసేది. దళంలో ఉండేది కొద్దిమందే. రాత్రి నడక, ఎవరింట్లోనో రెండు ముద్దలు, తెల్లారేలోపు మకాం మార్పు. పోలీసులు ఆలస్యంగా వెళ్లి ఊరివాళ్లను కొట్టి తిరిగొస్తే, ఆ దెబ్బలే దళానికి కొత్త సానుభూతిపరులను తెచ్చిపెట్టేవి. తిరుగుదారిలో రోడ్డు మీద మందుపాతర కాచుకుని ఉండేది.

1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో ఏర్పడిన ప్రత్యేక పోలీసు బలగం గ్రేహౌండ్స్ ఈ అనుభవానికి నేరుగా వచ్చిన జవాబు. చిన్న బృందం, వీపు మీదే తిండి, రాత్రి నడక, వెళ్లిన దారిన తిరిగి రాకపోవడం, ఊళ్లోకి అడుగుపెట్టకపోవడం, వీలైనంత వరకు వాహనం ఎక్కకపోవడం. వీటిలో చాలావరకు దళాలు అప్పటికే పాటిస్తున్న నియమాలు. ఠాణా పనులు, బందోబస్తు డ్యూటీలు ఈ బలగానికి పెట్టకపోవడం, మిగతా పోలీసుల కంటే ఎక్కువ జీతం ఇవ్వడం కూడా లెక్కలోకి తీసుకోవాల్సినవే. ఊరి తగాదాల్లో తలదూర్చని, లంచం అడిగే అవకాశం లేని పోలీసు మీద ఊరికి కోపం తక్కువ ఉంటుంది.

1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో వ్యాస్‌ను పీపుల్స్‌వార్ కాల్చి చంపింది. పార్టీ దృష్టిలో అది పెద్ద విజయం. గ్రేహౌండ్స్ పని మాత్రం ఆగలేదు. వ్యాస్‌కు తెలిసినదంతా అప్పటికే శిక్షణలో, డ్యూటీ నియమాల్లో, సిబ్బందిని తీసుకునే పద్ధతిలో ఇమిడిపోయింది. మనిషిని చంపినా పద్ధతి నిలిచిన ఈ ఉదాహరణను గుర్తుపెట్టుకుంటే 2025లో జరిగింది అర్థం చేసుకోవడం తేలిక.

పొరుగున మహారాష్ట్ర 1990లో గడ్చిరోలిలో స్థానిక యువకులతో సీ-60 దళాన్ని కట్టింది. మిగతా రాష్ట్రాలు చాలా ఆలస్యంగా మేలుకున్నాయి. కర్ణాటక పశ్చిమ కనుమల కోసం కార్కళ కేంద్రంగా నక్సల్ నిరోధక దళాన్ని పెట్టింది. ఛత్తీస్‌గఢ్ 2005లో కాంకేర్‌లో జంగిల్ వార్‌ఫేర్ కాలేజీ తెరిచి బ్రిగేడియర్ బి.కె. పొన్వార్‌కు అప్పగించింది. గెరిల్లాతో గెరిల్లాలాగే పోరాడాలన్నది ఆ కాలేజీ నినాదం. ముల్లును ముల్లుతోనే తీయాలన్న మాటే.

ఇక్కడ ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన రాజ్యాంగంలో పోలీసు శాఖ రాష్ట్రాల చేతిలో ఉంటుంది. హైదరాబాద్‌లో నేర్చుకున్నది రాయ్‌పూర్‌కు, భువనేశ్వర్‌కు చేరడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. మావోయిస్టులకు ఆ ఇబ్బంది లేదు. 1980లోనే గోదావరి దాటి దండకారణ్యంలోకి దళాలు పంపిన పార్టీకి కరీంనగర్ పాఠం బస్తర్‌కు మోసుకెళ్లడం నడక దూరమే. 2005-06లో నల్లమల, ఉత్తర తెలంగాణల్లో దెబ్బ మీద దెబ్బ తగిలాక వాళ్లు చేసింది కూడా అదే. ఒక రాష్ట్రం పోలీసులు నేర్చుకుంటే, ఇంకా నేర్చుకోని పక్క రాష్ట్రంలోకి జరిగారు.

ఆ ఎత్తు ఎంత పదునైనదో 2008 జూన్ 29న తెలిసింది. ఒడిశా మల్కన్‌గిరి జిల్లా బలిమెల రిజర్వాయర్‌లో, కూంబింగ్ ముగించుకుని లాంచీలో తిరిగొస్తున్న బలగం మీద మావోయిస్టులు ఒడ్డున కొండల మీద నుంచి కాల్పులు జరిపారు. లాంచీ మునిగి 38 మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు గ్రేహౌండ్స్ కమాండోలే. రోడ్డును నమ్మకూడదని మావోయిస్టుల దగ్గర నేర్చుకున్న బలగాన్ని, నీళ్ల మీద వేరే దారి లేనిచోట పట్టుకున్నారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2016 అక్టోబర్ 24న, అదే మల్కన్‌గిరి జిల్లా రామ్‌గూడ దగ్గర మావోయిస్టుల మకాం మీద తెల్లవారుజామున దాడి జరిగింది. మొదటి రోజే 24 మంది చనిపోయారు. 2018లో గురుప్రియ వంతెన తెరిచాక రిజర్వాయర్ అవతల తెగిపోయి ఉన్న ఊళ్లకు లాంచీ అవసరమే తగ్గిపోయింది. మావోయిస్టులు ఏళ్ల తరబడి కాంట్రాక్టర్లను బెదరగొట్టి ఆపిన వంతెన అది. బలిమెల లాంటి దాడికి అసలైన విరుగుడు ఆ కాంక్రీటే అనుకోవచ్చు.

మందుపాతర చెప్పే కథ

ఇద్దరూ ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్న తీరు మందుపాతర విషయంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

మొదట్లో మందుపాతర అంటే రోడ్డు కింద పేలుడు పదార్థం, పొదల్లోకి పొడవాటి వైరు, చివర బండ చాటున ఒక మనిషి. ఎవరి వాహనం వస్తోందో చూసి పేల్చేవాడు. పోలీసులు వైరు వెతకడం మొదలుపెట్టారు. వాహనాల ముందు రోడ్డుకు రెండు వైపులా నడుస్తూ వెతికే రోడ్ ఓపెనింగ్ పార్టీలు అలా పుట్టాయి. 2003 అక్టోబర్ 1న తిరుపతి అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద క్లెమోర్ మైన్లు పేలాక, వీఐపీ వెళ్లే దారి తనిఖీల తీరే మారిపోయింది.

తర్వాత మందుపాతరను తట్టుకునే ఉక్కు వాహనాలు వచ్చాయి. 2005 సెప్టెంబర్ 3న బీజాపూర్ ప్రాంతంలోని పదేడా దగ్గర అలాంటి వాహనమే గాల్లోకి లేచి 20 మందికి పైగా సిబ్బంది చనిపోయారు. ఇంకొంత మందంగా ఉక్కు పెట్టాలంటే ప్రభుత్వానికి టెండర్లు, ట్రయల్స్, కోట్ల ఖర్చు. దానికి తగ్గట్టు మందు పెంచడం అవతలివాళ్లకు ఒక రాత్రి పని. ఈ లెక్కలో ప్రభుత్వం ఎప్పటికీ గెలవదు. సీఆర్‌పీఎఫ్ అది గ్రహించి, అడవుల్లో వాహనాలు వదిలి కాలినడకకు, మోటార్‌సైకిళ్లకు మారింది.

బలగాలు నడక పట్టాక మందుపాతర కూడా కాలిబాట మీదికి వచ్చింది. కాలు పడితే పేలే ప్రెషర్ మైన్లు పెరిగాయి. వీటికి కాపలా మనిషి అక్కర్లేదు, అందువల్ల చూసి పేల్చడం అన్నదీ లేదు. తొక్కినవాడు జవానా, ఇప్పపూలు ఏరడానికి వెళ్లిన ఆడమనిషా అన్న తేడా దానికి తెలియదు. ఎత్తుగడలో వచ్చిన ఈ చిన్న మార్పు భారమంతా ఆదివాసీల కాళ్ల మీద పడింది. ప్రజల కోసమే పోరాటమని చెప్పే పార్టీ ప్రజలు నడిచే బాటను ప్రమాదకరంగా మార్చడం మొదలైంది ఇక్కడి నుంచే. మెటల్ డిటెక్టర్లకు జవాబుగా లోహం తక్కువ ఉండే మందుపాతరలు వచ్చాయి. వాటికి జవాబుగా కుక్కలు రంగంలోకి దిగాయి.

ఈ కథలో బెంగళూరుకు నేరుగా సంబంధం ఉన్న భాగం ఇదే. కనకపుర రోడ్డు వైపు తరళులో సీఆర్‌పీఎఫ్‌కు కుక్కల పెంపకం, శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ బెల్జియన్ మాలినోయిస్ జాతి కుక్కలను పెంచి బస్తర్‌కు, జార్ఖండ్‌కు పంపుతారు. నడకలో ముందు కుక్క, దాని తాడు పట్టుకుని హ్యాండ్లర్, కొంత దూరం వెనకగా మిగతా జవాన్లు. పేలుడు పదార్థం వాసన తగిలితే అది మొరగదు, తవ్వదు, అక్కడే కూర్చుంటుంది. దాన్ని చూసి వెనక వరుస మొత్తం ఆగుతుంది. ములుగు, బీజాపూర్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో 2025 ఏప్రిల్, మే నెలల్లో 21 రోజులు సాగిన ఆపరేషన్‌లో ఇలాగే ముందు నడిచిన రెండేళ్ల ఆడకుక్క రోలో మందుపాతర వల్ల చనిపోలేదు. ఏప్రిల్ 27న తేనెటీగల గుంపు దాని మీద పడింది. హ్యాండ్లర్ పాలిథిన్ షీటు కప్పినా ఈగలు లోపలికి దూరాయి. సుమారు 200 కాట్లతో అది ప్రాణం విడిచింది. ఆ ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు చనిపోయారని, 450 మందుపాతరలు బయటపడ్డాయని ప్రభుత్వం ప్రకటించింది.

మరి ఇంత నేర్చుకున్నాక అంబేలిలో ఏం జరిగింది? పోలీసులు చెప్పినదాని ప్రకారం ఆ మందుపాతర ఎప్పుడో ముందే రోడ్డు కింద లోతుగా పాతిపెట్టి ఉంచినది. ఆపరేషన్ ముగించుకుని అలసిపోయి తిరిగొస్తున్న జవాన్లు వాహనం ఎక్కారు. గ్రేహౌండ్స్ 1989లోనే రాసుకున్న వాహనం నియమాన్ని పక్కన పెట్టడం 2025లోనూ ప్రాణాంతకమే అయింది. 2019 మే 1న గడ్చిరోలి జిల్లా జాంబుల్‌ఖేడాలో జరిగింది కూడా ఇలాంటిదే. మావోయిస్టులు ముందు రోడ్డు కాంట్రాక్టరు వాహనాలు తగలబెట్టారు. చూడటానికి హుటాహుటిన పోలీసులు వస్తారని వాళ్లకు తెలుసు. అనుకున్నట్టే వచ్చిన వాహనాన్ని పేల్చారు. 15 మంది పోలీసులు, డ్రైవరు చనిపోయారు. ఎదుటివాడి ఆయుధం కంటే అలవాటును చదవడమే పెద్ద విద్య అని ఈ రెండు ఘటనలూ చూపిస్తాయి.

నగరాలు: డెన్‌ల (రహస్య స్థావరాల) నుంచి సెల్‌ఫోన్ల దాకా

అడవిలో నడిచే ఉద్యమానికి కూడా నగరం కావాలి. వైద్యం, అచ్చుపని, కొనుగోళ్లు, పెద్ద నాయకుల సమావేశాలు ఊరుకాని ఊళ్లలోనే జరిగేవి. తెలుగువాళ్లు లక్షల్లో ఉండే బెంగళూరు, చెన్నైలలో తెలుగు మాట్లాడే అద్దె కుటుంబాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఇంటెలిజెన్స్ విభాగమైన ఎస్‌ఐబీ (స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్) ఈ సంగతి పట్టుకుంది. నల్లా ఆదిరెడ్డి, ఎర్రంరెడ్డి సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ అనే ముగ్గురు కేంద్ర కమిటీ సభ్యులు 1999 డిసెంబర్ 2న కరీంనగర్ జిల్లా కొయ్యూరు అడవుల్లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. వాళ్లను ముందురోజు బెంగళూరులో పట్టుకుని తీసుకెళ్లి చంపారని పార్టీ, పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. సరిగ్గా ఏడాదికి, 2000 డిసెంబర్ 2న, పార్టీ తన గెరిల్లా సైన్యాన్ని ప్రకటించింది.

2006 సెప్టెంబర్‌లో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో వందలాది రాకెట్ షెల్స్ దొరికినప్పుడు తీగ చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడ వరకు వెళ్లింది. చిన్న వర్క్‌షాపుల్లో విడిభాగాలుగా చేయించి, లారీ ట్రాన్స్‌పోర్టులో పంపినవి అవి. ఆ దారి మూసుకుపోయాక అడవిలోనే సొంత వర్క్‌షాపుల్లో ఆయుధాలు చేసుకోవడం వైపు మొగ్గు కనిపిస్తుంది. 2024 జనవరిలో పామేడు దగ్గర ధర్మవరం క్యాంపు మీద, అదే నెలాఖరులో టేకులగూడెం క్యాంపు మీద ప్రయోగించిన బారెల్ గ్రెనేడ్ లాంచర్లు అలా తయారైనవే.

సెల్‌ఫోన్ విషయంలో రెండు పక్షాలూ తడబడ్డాయి. మావోయిస్టులు మొదట టవర్లు పేల్చారు, తర్వాత అవే ఫోన్లు వాడారు, ఫోన్ల వల్లే దొరికిపోయారు, మళ్లీ కొరియర్ల చేత చీటీలు పంపడానికి తిరిగి వెళ్లారు. ప్రభుత్వం టవర్లను చాలాకాలం ఖర్చుగా చూసి, చివరికి పోలీసు క్యాంపుల్లోనే కట్టింది. చీటీ భద్రమే గానీ నెమ్మది. నాయకత్వం అడవి అంతటా చెల్లాచెదురై ఉన్నప్పుడు ఒక నిర్ణయం అందరికీ చేరడానికి వారాలు పడితే, డ్రోన్‌తో వేటాడే బలగం ముందు అది నిలవదు.

దళం సైన్యంగా మారిన వేళ

మావోయిస్టుల తరఫున జరిగిన అతిపెద్ద కాపీ, బహుశా అతిపెద్ద పొరపాటు, బెటాలియన్ కట్టడమే. మావో సిద్ధాంతం ప్రకారం గెరిల్లా యుద్ధం ఒక దశ మాత్రమే. అది ముదిరితే చలన యుద్ధం, అంటే సైన్యంలా పెద్ద సంఖ్యలో కదులుతూ కొట్టడం. 2004 సెప్టెంబర్ 21న పీపుల్స్‌వార్, ఎంసీసీఐ (మావోయిస్ట్ కమ్యూనిస్ట్ సెంటర్ ఆఫ్ ఇండియా) కలిసి మావోయిస్టు పార్టీ ఏర్పడ్డాక ఆ దశ వచ్చేసిందన్న నమ్మకం పెరిగింది. 2008 ఫిబ్రవరిలో ఒడిశా నయాగఢ్‌లో పోలీసు ఆయుధాగారం నుంచి వెయ్యికి పైగా తుపాకులు ఎత్తుకెళ్లడం ఆ నమ్మకానికి ఊతమిచ్చింది. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోని తాడ్‌మెట్లలో 76 మంది జవాన్లు చనిపోవడం దాన్ని స్థిరపరిచింది.

ఒకే ఘటన నుంచి ఇద్దరూ రెండు వేరు పాఠాలు తీసుకున్నారు. పెద్ద సంఖ్యలో కూడితేనే గెలుపు అని మావోయిస్టులు అనుకున్నారు. తెలియని అడవిలో తెలిసిన దారిన నడవకూడదని ప్రభుత్వం అనుకుంది. గెలిచినవాడు చేసిందే మళ్లీ చేస్తాడు, ఓడినవాడికి మారడం తప్పదు. మావోయిస్టు కమాండర్ హిడ్మా చాలాకాలం నడిపిన ఒకటో నంబర్ బెటాలియన్ ప్రాంతంలో తర్వాత జరిగిన పెద్ద దాడుల తేదీలు చూడండి. బుర్కాపాల్ 2017 ఏప్రిల్ 24, మినపా 2020 మార్చి 21, టేకులగూడెం 2021 ఏప్రిల్ 3. ఆకు రాలి చూపు దూరం పోయే ఎండాకాలంలో ప్రతి ఏడాదీ చేసే ఎదురుదాడుల కార్యక్రమంలో భాగం అవి. వరుసగా కొన్నేళ్లు ఒకే నెలల్లో జరిగేది ఎత్తుగడగా మిగలదు, క్యాలెండరు అయిపోతుంది.

2024 నుంచి ఆ ఎండాకాలాన్ని బలగాలే తమ చేతుల్లోకి తీసుకున్నాయి. 2024 ఏప్రిల్ 16న కాంకేర్‌లో 29 మంది మావోయిస్టులు చనిపోయారు. మరుసటి ఎండాకాలం కర్రెగుట్టలు. వానాకాలంలో వాగులు పొంగితే కూంబింగ్ ఆగుతుందని, ఆ నెలల్లో మీటింగులు, శిక్షణ పెట్టుకోవచ్చని ఉన్న నమ్మకం కూడా చెల్లలేదు. పైన డ్రోన్ ఎగురుతుంటే పదిమంది చెట్ల కింద దాక్కోగలరు. వందమందికి వండే పొయ్యిలు, వాళ్ల బియ్యం మూటలు, వాళ్లు నడిచిన బాట దాగవు. బెటాలియన్‌ను మళ్లీ చిన్న చిన్న బృందాలుగా విడగొట్టేసరికి చుట్టూ క్యాంపులు వెలిశాయి.

2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయారు. శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటలో పుట్టి, వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన ఆయన పార్టీ సైనిక వ్యవహారాలకు దశాబ్దాల పాటు కేంద్రం. నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో హిడ్మా చనిపోయాడు. వ్యాస్ చనిపోయినప్పుడు గ్రేహౌండ్స్‌కు జరగనిది వీళ్లిద్దరి మరణంతో పార్టీకి జరిగింది. అడవిలో రహస్యంగా నడిచే సంస్థ తన అనుభవాన్ని కాగితం మీద పెట్టలేదు, పెడితే డంప్‌లో (అడవిలో దాచిన సామాన్ల మధ్య) పోలీసులకు దొరికిపోతుంది. అందుకే అది కొద్దిమంది బుర్రల్లోనే ఉండిపోతుంది.

శ్రీలంకలో, ఐర్లండ్‌లో

ఇది మన అడవులకే పరిమితమైన విషయం కాదు. సముద్రంలో ఎల్‌టీటీఈ చిన్న వేగపు పడవలు గుంపుగా వచ్చి శ్రీలంక నేవీ పెద్ద నౌకలను చుట్టుముట్టేవి. ఏళ్ల తరబడి నష్టపోయాక, నేవీ అధిపతి వసంత కరన్నగొడ హయాంలో శ్రీలంకే వందలాది చిన్న పడవలు కట్టించి గుంపుకు గుంపునే ఎదురు పంపింది. అనుకరణ పూర్తయ్యాక మిగిలేది సంఖ్య, ఇంధనం, మరమ్మతు షెడ్లు. వాటిలో దేశాన్ని ఒక సంస్థ ఓడించలేదు.

ఉత్తర ఐర్లండ్‌లో ఫలితం వేరు. బ్రిటిష్ పాలనపై పోరాడిన సాయుధ సంస్థ ఐఆర్‌ఏ రేడియోతో పేల్చే బాంబులకు బ్రిటిష్ సైన్యం జామర్లు పెడితే, ఐఆర్‌ఏ ఫ్రీక్వెన్సీలు మార్చింది. ఇన్‌ఫార్మర్ల బెడద పెరిగాక 1970ల చివర్లో చిన్న రహస్య సెల్స్‌గా విడిపోయింది, అంటే పెరగడానికి బదులు కుదించుకుంది. ఆ పోరాటం సైనికంగా తేలకుండానే 1998 ఒప్పందం దగ్గర ముగిసింది. మావోయిస్టులు కుదించుకోవాల్సిన సమయంలో పెరిగారన్నది ఈ పోలికలో కనిపించే ప్రధానమైన తేడా.

మనిషితో పాటు పక్షం మారే విద్య

ప్రభుత్వం నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే ప్రభావం చూపింది ఆయుధం కాదు, లొంగుబాటు విధానం. తల మీద ఉన్న రివార్డు డబ్బును లొంగిపోయిన మనిషికే ఇవ్వడం, కేసుల్లో సాయం, పునరావాసం తెలుగు రాష్ట్రాల్లో ముందుగా బలపడిన పద్ధతులు. కర్ణాటకలో పౌర సంఘాలు మధ్యవర్తిత్వం వహించాయి. లొంగుబాటు ముందు చిక్కమగళూరులో అనుకున్నా, చివరికి బెంగళూరుకు మారింది. ముఖ్యమంత్రే స్వయంగా ఉండటం లొంగిపోయేవాళ్లకు హామీగా పనిచేసింది. 2025 అక్టోబర్‌లో పార్టీ అగ్రనేతలు మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో, తక్కళ్లపల్లి వాసుదేవరావు జగదల్‌పూర్‌లో తమతో ఉన్న చాలామందితో పాటు ఆయుధాలు వదిలారు. కేశవరావు మరణం తర్వాత పార్టీ విడుదల చేసిన ప్రకటనలోనూ, ఆయన రక్షణ దళం నుంచి వెళ్లి లొంగిపోయినవాళ్ల సమాచారమే కారణమని ఉంది.

ఛత్తీస్‌గఢ్ ఇంకో అడుగు ముందుకేసింది. లొంగిపోయినవాళ్లను, స్థానిక ఆదివాసీ యువకులను డీఆర్‌జీలో చేర్చుకుంది. వాళ్లకు బాటలు తెలుసు, గోండి, హల్బీ తెలుసు, ఏ వాగు దగ్గర దళం నీళ్లు పట్టుకుంటుందో తెలుసు. ప్రభుత్వానికి 20 ఏళ్లు పట్టే చదువు ఒక్క మనిషి రాకతో వచ్చేస్తుంది. అయితే దీని వెనక చీకటి చరిత్ర కూడా ఉంది. ఊళ్లో మిలీషియా పెట్టి పట్టు సాధించే మావోయిస్టు పద్ధతిని 2005లో ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ మద్దతుతో నడిచిన సల్వాజుడుం రూపంలో తిరగేసినప్పుడు వందలాది ఊళ్లు ఖాళీ అయ్యాయి, వేలమంది ఆదివాసీలు గోదావరి దాటి ఖమ్మం జిల్లాకు వచ్చారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అంబేలిలో చనిపోయిన ఐదుగురు పక్షం మారినా యుద్ధం నుంచి బయటపడలేదు.

భయం కూడా రెండు వైపులా నేర్చుకున్నదే. కోవర్టుల (పోలీసుల కోసం లోపల ఉండి పనిచేసేవాళ్ల) దెబ్బ తిన్న పార్టీ ప్రతి ఫోన్‌లో, ప్రతి కొత్త మోటార్‌సైకిల్‌లో ఇన్‌ఫార్మర్‌ను చూసింది, ఆ ముద్ర వేసి ఊరివాళ్లనే చంపింది. జనంలో కలిసిపోయే దళాన్ని వెతికే బలగం జనంలోనే దళాన్ని చూసింది. 2012 జూన్‌లో బస్తర్‌లోని సర్కేగూడలో బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోతే, వాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ తేల్చింది. సిల్గేర్‌లో 2021 మేలో క్యాంపు వద్దన్న గుంపు మీద కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఇలాంటివాటి నుంచి ఏ పక్షమూ తగినంత నేర్చుకున్నట్టు కనిపించదు. దెబ్బ పడింది తమ మనుషుల మీద కాకపోతే నేర్చుకునే ఒత్తిడి ఉండదు.

ఇక ముందు

కేంద్రం లెక్కలో తీవ్రవాద ప్రభావిత జిల్లాలు 126 నుంచి 2024 ఏప్రిల్‌కు 38కి, 2025 అక్టోబర్‌కు 11కి తగ్గాయి. కర్ణాటకలో కొండల్లో పనిచేసిన నక్సల్ నిరోధక దళం సిబ్బందితోనే 2025 జూన్‌లో కోస్తా జిల్లాల మతఘర్షణల అదుపునకు ప్రత్యేక కార్యాచరణ దళం ఏర్పాటైంది. అడవిలో నేర్చుకున్నది మంగళూరు వీధుల్లో ఎంతవరకు పనికొస్తుందన్నది సందేహమే. గుంపును ఎదుర్కొనే పోలీసుకు కావలసిన ఓర్పు, పరిచయాలు మాటుగాచే కమాండోకు నేర్పేవి కావు.

అడవిలో తక్షణం మిగిలి ఉన్న పని మందుపాతరలు తీయడం. 2024లో ములుగు జిల్లా వాజేడు మండలంలో కట్టెలకు వెళ్లిన మనిషి ఒకరు మందుపాతర పేలి చనిపోయారు. తునికాకు, ఇప్పపూల కాలంలో జనం తొక్కే బాటలు ఇవే. కుక్కలు, డిటెక్టర్లు బలగాలు నడిచే దారినే వెతుకుతాయి, పశువులు వెళ్లే దారిని కాదు. ఎక్కడ పాతారో కచ్చితంగా తెలిసినవాళ్లు పాతినవాళ్లే, వాళ్లలో చాలామంది ఇప్పుడు లొంగిపోయి పునరావాస కేంద్రాల్లో ఉన్నారు. తర్వాతి ఎన్‌కౌంటర్‌కు దారి చూపమని అడగడానికి ముందు, ఊళ్లవారీగా కూర్చోబెట్టి ఆ చోట్లన్నీ మ్యాపు మీద గుర్తు పెట్టించుకోవడం వచ్చే ఎండాకాలం లోపు జరగాల్సిన పని.